స్క్రూల వదిన, కాపలా చిప్పు

ఆవిడని వీధి వీధంతా స్క్రూల వదిన అంటారు. పాలు పోసేవాడికీ వదినే, వాడి తండ్రికీ వదినే. ఇదెక్కడి వరసని అడిగితే ఆవిడే నవ్వేస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఒక్క ఏళ్ళు తీగలతో కుస్తీ పట్టి రిటైరయింది. రిటైరైన మర్నాడే ముందుగదిలో బల్ల వేయించి, పాడైన కంప్యూటర్లుంటే పట్టుకురమ్మని కబురంపింది. "ఈ వయసులో ఈవిడకిదేం పోయేకాలం" అని మూతి విరిచినవాళ్ళే తర్వాత కంప్యూటర్లు చంకన పెట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ నోరు మంచిది కాదు. "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అన్నారో, అయిపోయారే! "నిన్నటి సంగతి నాకెందుకు? నిన్న నేనూ బాగానే ఉన్నాను, ఇవాళ మోకాళ్ళు నొప్పి" అంటుంది. ఒకసారి లెక్కల మాస్టారు లాప్‌టాప్ తెచ్చి, ఊరికే కూర్చుని ఉండగా ఆగిపోయిందని చెప్పాడు. ఆవిడ కీబోర్డుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "కాఫీలో చక్కెర కాస్త తగ్గించండి మాస్టారూ" అంది. పాపం ఆయన ఆ నెలంతా ఆ వీధిన నడవలేదు.

భర్త టైలరు. అదే గదిలో కిటికీ పక్క ఆయన కుట్టుమిషను. ఆవిడ విప్పిన స్క్రూలన్నీ ఖాళీ మాత్రల డబ్బాల్లో వేసి, ఏది ఏ మూలదో గుర్తుపెట్టుకోవడం ఆయన పని. రోజంతా గిల్లికజ్జాలే. అయినా ఆయన పక్క ఊరు వెళ్ళిన రోజున ఆవిడ ఏ యంత్రమూ విప్పదు. అడిగితే వెలుతురు బాలేదంటుంది.

ఆయన చెల్లెలు బుజ్జి. యాభై మూడేళ్ళ మనిషి, ఇంట్లో ఇప్పటికీ బుజ్జే. భర్త పోయినప్పటినుంచీ ఊరి చివర కోడిపిల్లల హేచరీ ఒంటిచేత్తో నడుపుతోంది. రెండు గదులు. ఒకదాంట్లో బీరువా అంత పొదిగే పెట్టెలు నాలుగు, వాటిలో నాలుగు వేల ఎనిమిది వందల గుడ్లు. రెండోదాంట్లో మంచం, పొయ్యి, బుజ్జి. పెట్టెల్లో వేడి ఎక్కువ కాకుండా తక్కువ కాకుండా చూడటం, గంటకోసారి గుడ్ల ట్రేలు అటూ ఇటూ వంచడం, అంతా విండోస్ బదులు లినక్స్‌తో నడిచే ఒక పాత కంప్యూటర్ చూసుకుంటుంది. తొమ్మిదేళ్ళ కిందట దాన్ని పెట్టింది స్క్రూల వదినే.

రెండు నెలలుగా ఆ కంప్యూటర్ మూడు నాలుగు రోజులకోసారి ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. బిగుసుకున్నప్పుడు హీటరు వెలుగుతూ ఉంటే అలా వెలుగుతూనే ఉంటుంది, ఆరి ఉంటే ఆరే ఉంటుంది. ఎవరూ చూడకపోతే రెండు గంటల్లో గుడ్లన్నీ పాడు. అందుకని బుజ్జి కళ్ళల్లో వత్తులు వేసుకుని పెట్టెల పక్కనే పడి ఉంటోంది. కంప్యూటర్ ఆగితే ఆపి మళ్ళీ మొదలుపెట్టడం, వచ్చి మంచమెక్కడం. ఈ సంగతి వదినకి చెప్పనే లేదు. అన్నయ్య రోజూ ఫోన్ చేస్తాడు, "బాగున్నానన్నయ్యా" అంటుంది, ఆయన పెట్టేస్తాడు.

అసలు విషయం ఒకరోజు పొద్దున్నే వచ్చిన ఆసుపత్రి వాళ్ళ ఫోనుతో బయటపడింది. బుజ్జి అక్కడ తన నంబరుతో పాటు ఇచ్చిన రెండో నంబరు టైలరుగారిది. షుగరు బుజ్జి కంటికెక్కింది. ఎడమ కంటి వెనక రక్తం చిమ్ముతోంది, ఆపరేషన్ చేయాలి. రెండుసార్లు తారీఖు ఇస్తే రెండుసార్లూ రానంది. రేపు మూడోది. రేపు కూడా రాకపోతే ఆ కన్ను మీద ఆశ వదులుకోవచ్చని డాక్టరు చెప్పమన్నాడట. టైలరుగారు ఫోన్ పెట్టేసి కుట్టుమిషను ముందు కూలబడ్డాడు.

"గుడ్లు పోతే మళ్ళీ వస్తాయి, కన్ను వస్తుందా?" అని స్క్రూల వదిన కేకలేసుకుంటూ సంచీ సర్దింది. టైలరుగారు భోజనం క్యారియర్ కట్టించుకుని వెనకే బయల్దేరాడు.

హేచరీకి చేరేసరికి పొద్దున పది. బుజ్జి గుమ్మంలోనే అడ్డం పడింది.

"వదినా, ముందే చెప్తున్నా. నేను వెళ్ళను. పదకొండో రోజు గుడ్లవి. లోపల ప్రాణం పోసుకున్నాయి. వాటినలా వదిలేసి వెళ్తే అక్కడ బల్లమీద పడుకున్నా నాకు మనసు నిలవదు."

"నిన్నెవరు వెళ్ళమన్నారే? తప్పుకో, కంప్యూటర్ చూడనీ."

ఇక్కడొక ముక్క చెప్పుకోవాలి. ఆ కంప్యూటర్ బోర్డు మీద వేలిగోరంత చిప్పొకటి ఉంటుంది. దాని పని కాపలా. అరవై నుంచి కిందికి లెక్కపెడుతూ ఉంటుంది. కంప్యూటర్ మధ్యమధ్యలో "బతికే ఉన్నాను" అని దానికో కబురు పంపితే మళ్ళీ అరవై నుంచి మొదలెడుతుంది. కబురు రాక సున్నాకి చేరిందా, మారు మాట లేకుండా కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. అంటే ఈ రెండు నెలలూ బుజ్జి లేచి చేస్తున్న పని ఆ చిప్పు చేయాలి. మరి చేయడం లేదేం?

"బోర్డు ముసలిదైంది, కొత్తది తెప్పించాలి. అది రావడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా బిగుసుకున్నప్పుడల్లా ఈ చిప్పు లేపాలి" అంటూ ఆవిడ కీబోర్డు ముందు కూర్చుంది. పావుగంటలో మొదటి దొంగ దొరికాడు. కాపలా ఉందని కంప్యూటర్ చెబుతోంది గానీ, అది అసలు చిప్పు కాదు. చిప్పుతో మాట్లాడే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ముక్క ఎక్కలేదు. అది లేకపోయేసరికి లినక్స్ తనలోనే ఒక ఉత్తుత్తి కాపలాని పెట్టుకుంది. కంప్యూటర్ బిగుసుకుంటే ఆ కాపలా కూడా దాంతో పాటే బిగుసుకుంటుంది. ఇంకేం లేపుతుంది, నా మొహం!

అసలు డ్రైవర్ ఎందుకు ఎక్కలేదో వెతికింది. ఎక్కించకూడని వాటి జాబితా ఒక ఫైల్లో ఉంటుంది. దాంట్లో ఉంది దాని పేరు. పైన ఎవరో ఒక వాక్యం రాసి పెట్టారు: "తాత్కాలికంగా ఆపాను. మళ్ళీ వచ్చినప్పుడు చూడాలి." కింద తొమ్మిదేళ్ళ కిందటి తేదీ. పక్కన పొడి అక్షరాలు, స్క్రూల వదినవే.

ఆవిడకి అంతా కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చింది. అప్పట్లో డిస్క్ మహా నెమ్మది. కంప్యూటర్ మొదలవడానికే రెండు నిమిషాలు పట్టేది. అది లేచేలోపే చిప్పు సున్నాకి చేరి మళ్ళీ ఆపేసేది. ఏవేవో మార్చి చూసి, చీకటి పడుతోందని విసుగెత్తి, ఆ డ్రైవర్‌నే పక్కన పడేసింది. తర్వాత నాలుగుసార్లు వచ్చింది. డిస్క్ మార్చింది, ఫ్యాన్ దుమ్ము దులిపింది, బుజ్జి చేతి కాఫీ తాగి వెళ్ళింది. ఒక్కసారీ చూడలేదు. వచ్చినవాళ్ళందరికీ నిర్లక్ష్యం గురించి పాఠాలు చెప్పే మనిషి, తేలు కుట్టిన దొంగలా ఆ తేదీనే మళ్ళీ మళ్ళీ చదువుకుంది.

"ఏమోయ్, దొరికిందా?" అన్నాడు టైలరుగారు గుమ్మంలోంచి.

"దొరికింది. నేనే." ఆవిడ కుర్చీ ఇటు తిప్పింది. "బుజ్జీ, ఇది నా తప్పే. తొమ్మిదేళ్ళ కిందట నేనే కాపలా తీసేసి, మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. నీకు నిద్ర లేకుండా చేసింది ఈ డబ్బా కాదు, నేను."

బుజ్జి పకపకా నవ్వింది. "అన్నయ్యా, విన్నావా? వదిన తప్పు ఒప్పుకుంది! ఇవాళ తారీఖెంత?"

"నవ్వవే నవ్వు" అంది ఆవిడ. అనేసి కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

డ్రైవర్ పేరు జాబితాలోంచి కొట్టేసింది. ఈసారి అసలు చిప్పు పలికింది. ఇక పరీక్ష. కంప్యూటర్‌ని కావాలని బిగుసుకునేలా చేసే ఆజ్ఞ ఒకటుంది. అది కొడితే చిప్పు నిమిషంలో లేపాలి. ఆ నిమిషంలో గుడ్లకేమీ కాదు గానీ, ఎందుకైనా మంచిదని హీటర్లని చేతి స్విచ్చుల మీదికి మార్చి బుజ్జిని వాటి దగ్గర నిలబెట్టింది. టైలరుగారు చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. ఏమీ లేదు. డెబ్భై. తొంభై. కంప్యూటర్ కొయ్యబారి అలాగే ఉంది.

"సరే, అలాగే ఉండనీ, నేను ఆలోచించుకోవాలి" అని ఆవిడ తన లాప్‌టాప్‌లో ఆ డ్రైవర్ వివరాలు తెరిచి చదవడం మొదలుపెట్టింది. వెనకనుంచి బుజ్జి పెట్టెల వేడి ఎన్ని డిగ్రీలుందో పైకి చెబుతూనే ఉంది. "ముప్పై ఏడున్నర." కాసేపటికి స్విచ్చు టిక్కుమంటుంది. "ముప్పై ఏడు. వేస్తున్నా." మళ్ళీ టిక్. "ముప్పై ఏడున్నర. ఆపుతున్నా."

ముప్పావుగంట అలా గడిచాక స్క్రూల వదిన ఎందుకో తలెత్తి చూసింది. గోడమీద ఎర్ర అంకెల తెర, కంప్యూటర్ బిగుసుకున్నప్పుడే, ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది దగ్గర ఆగిపోయి ఉంది. మరి ఈ పిల్ల ముప్పై ఏడున్నరని ఎక్కడ చూసి చదువుతోంది? తిరిగి చూస్తే బుజ్జి కళ్ళు మూసుకుని ఉంది. పెట్టెలోంచి తీసిన గుడ్డొకటి కుడికంటి రెప్పకి ఆనించుకుని ఉంది. రెండు క్షణాలుంచి, గుడ్డు లోపల పెట్టేసి, "ముప్పై ఏడున్నర" అంది. ఆవిడ నెమ్మదిగా లేచి వెళ్ళి పెట్టెలో ఉన్న గాజు థర్మామీటర్ చూసింది. సరిగ్గా ముప్పై ఏడున్నర!

"ఎవరు నేర్పారే ఇది?"

"మా అత్తగారు. కరెంటు లేని రోజుల్లో ఇలాగే చూసేవారట. రెప్పకి తెలిసినట్టు వేలికి తెలీదు వదినా."

"బాగుంది. మరి గోడమీద ఎంతుందో చదువు."

"ముప్పై ఏడున్నర" అంది బుజ్జి, గోడవైపు మొహం పెట్టి.

జానెడు పొడవున్న అంకెలవి. వదిన బుజ్జి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "ఎన్నాళ్ళయింది?"

"కుడికంట్లో కాస్త మసక. నీడలు తెలుస్తాయి. ఎడమది... అది ఏమీ కనపడక నెలయింది. అయినా నాకు కళ్ళతో పనేముంది? హీటరు టిక్కుమనడం వినపడితే చాలు, కంప్యూటర్ పనిచేస్తున్నట్టే. వినపడకపోతే లేస్తాను."

అంటే రెండు నెలలుగా ఆ టిక్కు కోసం చెవులు రిక్కించుకుని పడుకుంటోంది. దాన్ని పడుకోవడం అంటారా అసలు? స్క్రూల వదినకి కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి. కోపమే బయటికొచ్చింది. "రోజూ ఫోన్లో మీ అన్నయ్యకి బాగున్నా బాగున్నా అని చెప్పేది ఇదేనా? సిగ్గులేదూ?" అని కసిరింది. టైలరుగారు వచ్చి చెల్లెలి చేతిలోంచి స్విచ్చుల పలక తీసుకుని, "నువ్వు చెప్పు, నేను వేస్తాను" అన్నాడు.

ముగ్గురూ అలా ఉండగా గదిలో "బీప్" అని చిన్న చప్పుడయింది. మానిటర్ నల్లబడి, అక్షరాలు జలజలా పారాయి. కంప్యూటర్ తనంతట తానే మళ్ళీ మొదలైంది!

టైలరుగారు గడియారం చూసి, "ఏమోయ్, సరిగ్గా గంట. సెకండు అటూ ఇటూ లేదు" అన్నాడు.

"గంటా?" ఆవిడ నుదురు కొట్టుకుంది. "అయ్యో నా బుర్ర మండా! అరవై సెకండ్లు కాదు, అది అరవై నిమిషాలు లెక్కపెట్టింది!"

అదీ ఆవిడ నిర్వాకమే. తొమ్మిదేళ్ళ కిందట ఏవేవో మార్చి చూసింది కదా, అప్పుడు చిప్పుకి కాస్త ఎక్కువ వ్యవధి ఇద్దామని బోర్డు సెట్టింగుల్లో సెకండ్లని నిమిషాలు చేసింది. అది పనిచేసిందో లేదో చూడకుండానే విసుగెత్తి డ్రైవర్‌నీ తీసేసింది. డ్రైవర్ అరవై అని చెబుతుంది, ఏం అరవయ్యో దానికి పట్టదు. ఆవిడ సెట్టింగుల్లోకి వెళ్ళి నిమిషాల్ని మళ్ళీ సెకండ్లు చేసింది. కొత్త డిస్క్ ఇరవై సెకండ్లలో లేస్తుంది కాబట్టి పాత గొడవ లేదు. మళ్ళీ పరీక్ష. అరవై అనేలోపే బీప్!

టైలరుగారు చప్పట్లు కొట్టాడు. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఇంకొకటి కనపడింది. చిప్పుకి "బతికే ఉన్నాను" అని చెబుతున్నది వేరే చిన్న ప్రోగ్రాం. గుడ్లు చూసే ప్రోగ్రాం చచ్చిపడి ఉన్నా ఇది మాత్రం ఠంచనుగా బాగున్నాం బాగున్నాం అని కబురంపుతూనే ఉంటుంది. అచ్చం బుజ్జి ఫోన్లలాగే. ఆ చిన్న ప్రోగ్రాంని పీకిపారేసింది. గుడ్లు చూసే ప్రోగ్రామే వేడి కొలిచి, హీటరు స్విచ్చు మాట విందో లేదో చూసుకుని, ఆ తర్వాతే చిప్పుకి కబురంపేలా మార్చింది. పని జరగకపోతే కబురు వెళ్ళదు. రకరకాలుగా పదకొండుసార్లు దాన్ని పడగొట్టి చూసింది. పదకొండుసార్లూ లేచింది. ప్రతిసారీ బుజ్జి గుడ్డు తీసి రెప్పకి ఆనించి, "ఉంది" అంది.

అప్పటికి సాయంత్రం నాలుగు. క్యారియర్ అప్పుడు విప్పారు.

"రేపు పొద్దున బస్సుకి నువ్వూ మీ అన్నయ్యా వెళ్తున్నారు. నేనిక్కడే ఉంటాను" అంది వదిన ముద్ద కలుపుతూ.

"నువ్వుంటావా? ఈ మంచమ్మీద? నడుం పట్టేస్తుంది వదినా."

"పట్టనీ. నా తప్పుకి అదైనా పట్టాలిగా" అంది ఆవిడ. బుజ్జి కొంగున ఉన్న తాళంచెవులు విప్పి వదిన పక్కన పెట్టింది.

ఆపరేషన్ అయింది. కన్ను నిలవాలంటే మూడు రోజులు బోర్లా పడుకునే ఉండాలన్నారు. స్క్రూల వదిన హేచరీలో ట్రేలు వంగే చప్పుడు వింటూ, హీటరు టిక్కులు లెక్కపెడుతూ ఒక రోజు గడిపింది. బుజ్జి బతుకు ఎలా గడిచిందో ఆ ఒక్క రోజులో ఆవిడకి బాగా తెలిసొచ్చింది.

రెండో రోజు పొద్దున పదింటికి టిక్కులు ఆగిపోయాయి. ఈసారి ఎవరూ ఏ ఆజ్ఞా కొట్టలేదు, కంప్యూటర్ తనకి తానే బిగుసుకుంది. ఆవిడ చెయ్యి స్విచ్చు మీదికి వెళ్ళబోయింది. వెళ్ళబోయిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడింది. నిమిషమంటే అంత పొడుగుంటుందని ఆవిడకి అప్పటిదాకా తెలీదు. బీప్ అంది. అక్షరాలు పారాయి. ఇరవై సెకండ్లకి హీటరు టిక్కుమంది. ఆవిడ మంచమ్మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది.

"వదినా, నేను. బాగున్నా. గుడ్లెలా ఉన్నాయి?"

"గుడ్ల సంగతి తర్వాత. బాగున్నా అన్నావు, ఏం బాగుంది? తిన్నావా? నిద్రపోయావా?"

జవాబు వచ్చేదాకా ఫోన్ పెట్టేది లేదన్నట్టు ఆవిడ దాన్ని చెవికి ఆనించుకునే కూర్చుంది.

"నిద్ర పట్టడం లేదు వదినా" అంది బుజ్జి చివరికి. "రాత్రంతా లేచే ఉన్నా. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. బోర్లా పడుకుంటే నేల తప్ప ఏమీ లేదు. కట్టు విప్పాక కూడా ఇంతేనేమో అని... భయంగా ఉంది వదినా. చాలా భయంగా ఉంది."

"వస్తున్నా" అంది స్క్రూల వదిన.

పెట్టెల్లో తేమ కోసం పెట్టే నీళ్ళ పళ్ళేలు నిండా నింపింది. గుడ్లు తెచ్చే వ్యాన్ డ్రైవర్‌కి ఒక తాళంచెవి ఇచ్చి, పొద్దునొకసారి వచ్చి నీళ్ళు పొయ్యమంది. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి, "ఏరా, విన్నావుగా. ఇక నీదే బాధ్యత" అని కంప్యూటర్‌తో గట్టిగా చెప్పి తాళం వేసింది.

ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. వరండాలో బల్లమీద టైలరుగారు గురక పెడుతున్నాడు. లోపల బుజ్జి మంచం అంచున మొహం కిందికి పెట్టి పడుకుని ఉంది. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, బుజ్జి చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఆ చేతి గరుకు తగలగానే ఎవరో తెలిసిపోయింది.

"వదినా?" అంది బుజ్జి నేలవైపు. "నువ్విక్కడుంటే, మరి గుడ్ల దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ... లేరా?"

"ఎవరూ లేరు. పడుకో."

బుజ్జి వేళ్ళు ఆవిడ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే వదులయ్యాయి. కాసేపటికి నర్సు వచ్చి మాత్రలు ఇవ్వాలి లేపమంటే, స్క్రూల వదిన తల అడ్డంగా ఊపి, "ఇప్పుడు కాదమ్మా, నిద్రపోయింది" అంది.